పెంటికకీ పేడకీ ఒకే గొట్టం: పవర్‌ఫీకల్ ప్రో డీఎన్‌ఏ కిట్ రివ్యూ

మేక వేసేది పెంటిక, గేదె వేసేది పేడ. ఈ రెండింటినీ కలిపి ఒకే పేరుతో పిలిచే రైతు కనపడడు. ల్యాబ్ గుమ్మం దాటగానే మాత్రం రెండూ ‘ఫీకల్ శాంపిల్’ అయిపోతాయి. రెండూ ఒకే కిట్‌లోకి, ఒకే సైజు గొట్టంలోకి, ఒకే 250 మిల్లీగ్రాముల లెక్కన వెళ్తాయి. అడవిలో నెమరువేసే జంతువుల పేగు సూక్ష్మజీవుల మీద పనిచేసేవాళ్లకు వచ్చే తలనొప్పుల్లో సగం ఇక్కడే మొదలవుతాయి.

మలం నుంచి సూక్ష్మజీవుల డీఎన్‌ఏ తీసే కియాజెన్ వారి క్యూఐఏఆంప్ పవర్‌ఫీకల్ ప్రో కిట్ మంచి సరుకే. రేటింగ్ అడిగితే అయిదుకి నాలుగు. ఆ పోయిన ఒక్క మార్కు ఎందుకో చెప్పడానికే ఈ రివ్యూ. ఒకే జాతి జంతువుల్ని పోల్చేవాళ్లకు ఆ మార్కు లెక్కలోకి రాదు. చిన్న జంతువుకీ పెద్ద జంతువుకీ మధ్య, ఆకు మేసేదానికీ గడ్డి మేసేదానికీ మధ్య తేడా వెతికేవాళ్లకే అది ముఖ్యం. చూసుకోకపోతే ఆ తేడాలో కొంత జంతువు పొట్టలోంచి కాక గొట్టంలోంచి పుడుతుంది.

అసలు ప్రశ్నేమిటో ముందు చూద్దాం. ఒంటి బరువు పది రెట్లు పెరిగితే రోజుకి కావలసిన శక్తి పది రెట్లు పెరగదు. బరువుకి 0.75 ఘాతం వేసే పాత లెక్క ప్రకారం 5.6 రెట్లే పెరుగుతుంది. పొట్టలో పట్టే మేత మాత్రం దాదాపు బరువుతో సమానంగా పెరుగుతుంది. అంటే 20 కిలోల జంతువుకి కిలో ఒంటికి కావలసిన శక్తి 200 కిలోల జంతువుకి కావలసినదానికి సుమారు 1.8 రెట్లు, పొట్టలో చోటు మాత్రం అదే నిష్పత్తి. కాబట్టి చిన్నది చిగురు, పువ్వు, పండు ఏరుకుని తినాలి. పెద్దది ముదురు గడ్డితో కూడా నెట్టుకొస్తుంది. ఆఫ్రికా జంతువుల్ని చూసి బెల్ 1971లో, జార్మన్ 1974లో చెప్పిన సంగతి ఇదే. 1989లో హాఫ్‌మన్ నెమరువేసేవాటిని మూడు గుంపులు చేశాడు: ఏరుకుని తినేవి, గడ్డి మేసేవి, రెండింటి మధ్యవి. పెద్ద జంతువు మేతను ఎక్కువసేపు పొట్టలో నిలుపుకుంటుంది కాబట్టి బాగా అరిగించుకుంటుందనే మాట కాగితం మీద చక్కగా ఉంటుంది, కొలతల్లో అంత శుభ్రంగా తేలలేదు. కొలతల దగ్గర జాగ్రత్త కావాలనడానికి అదొక కారణం.

దీనికి మన దేశంలోనే మంచి జోడీ ఉంది, ఎందుకో తక్కువమంది వాడుకుంటారు. నాలుగు కొమ్ముల జింక, అంటే చౌసింగా, 20 కిలోల చుట్టూ తూగుతుంది. మనుబోతు 200 కిలోలు సులువుగా దాటుతుంది. రెండూ బోసెలాఫిని అనే ఒకే తెగవి, ఆ తెగలో ఇప్పుడు బతికున్నవి ఈ రెండే. బరువు ప్రభావం చూడాలంటే ఇలాంటి దగ్గరి చుట్టాలనే పట్టుకోవాలి. చుక్కల దుప్పిని అడవిదున్నతో పోలిస్తే బరువు, వంశం, మేత మూడూ ఒకేసారి మారిపోతాయి, ఏ తేడా దేనివల్ల వచ్చిందో చెప్పడం ఎవరి తరమూ కాదు. కెన్యా సవన్నాలో ఒకేచోట మేసే 33 పెద్ద శాకాహార జాతుల పేడ మీద 2019లో వచ్చిన అధ్యయనం ఈ చిక్కును అంకెల్లో చూపించింది. సూక్ష్మజీవుల కూర్పుకీ వంశానికీ సహసంబంధం 0.91. మేతకీ వంశానికీ 0.20 మాత్రమే. మేత ప్రభావం కూడా నిజంగానే కనిపించింది, కానీ వంశాన్ని పక్కన పెట్టి చూస్తే గానీ దాని అసలు బరువు తెలియదు. అంతకుముందు 2015లో 35 దేశాల నుంచి, 32 జాతుల నుంచి 742 నమూనాలు తీసి చేసిన రూమెన్ (నెమరువేసేవాటి మొదటి పొట్ట) లెక్క మేతనే ప్రధానంగా చూపించింది. ఈ రెండూ కొట్టుకుంటున్నాయనుకోనక్కర్లేదు. అది రూమెన్, ఇది పేడ. పెంటికలో దొరికేది పెద్దపేగు కథ, రూమెన్ కథ కాదు. ఈ కిట్ కొనేముందు ఈ ఒక్కటీ ఒప్పుకోవాలి.

పెట్టెలో ఏముంది

పెట్టె 50 నమూనాలకు వస్తుంది. పూసలున్న పవర్‌బీడ్ ప్రో గొట్టాలు, డీఎన్‌ఏని పట్టుకునే పొరున్న స్పిన్ కాలమ్‌లు, సేకరణ గొట్టాలు, సీడీ1, సీడీ2, సీడీ3, ఈఏ, సీ5, సీ6 అనే ద్రావణాల సీసాలు ఉంటాయి. పెట్టె రాగానే సీడీ2ని 2–8 డిగ్రీల ఫ్రిజ్‌లో పెట్టాలి, మిగతావి గది వేడిలో ఉంటాయి. మన దగ్గర ‘గది వేడి’ అంటే మే నెలలో ఏసీ లేని స్టోర్‌రూమ్ అని అర్థం చేసుకోకూడదు, 15–25 డిగ్రీలని అర్థం. సీడీ3లో తెల్లగా ఉప్పు పేరుకుంటే 60 డిగ్రీల దగ్గర వేడిచేస్తే కరిగిపోతుంది, పారేయనక్కర్లేదు.

50 అని రాసి ఉన్నా 50 జంతువుల లెక్క వేసుకోవద్దు. ఖాళీ నమూనాలకు (పేడ ఏమీ వేయకుండా నడిపేవి) రెండు, తెలిసిన సూక్ష్మజీవుల మిశ్రమానికి రెండు, మళ్లీ చేయాల్సివచ్చే వాటికి మూడు పక్కన పెడితే చేతికి మిగిలేవి 43. కొటేషన్ తీసుకునేటప్పుడు ఒక్కో నమూనా ధర ఈ 43తో భాగించి చూడండి. ధర ఇక్కడ రాయడం లేదు, డీలర్‌ని బట్టి, సంస్థకిచ్చే రాయితీని బట్టి అది మారుతుంది.

పాత మో బయో పవర్‌సాయిల్ కిట్ వాడినవాళ్లకు ఇదంతా తెలిసిన దారే. ఆ కంపెనీని కియాజెన్ కొన్నాక వచ్చిన ‘ప్రో’ వరసలో పూసలూ ద్రావణాలూ మారాయి. ఏళ్ల కిందట పాత కిట్‌తో తీసిన దుప్పి నమూనాల డేటాను ఇప్పుడు ప్రోతో తీసిన మనుబోతు డేటా పక్కన పెట్టి గ్రాఫ్ గీయకండి. ఆవు, గొర్రె రూమెన్ నమూనాల మీద 15 డీఎన్‌ఏ పద్ధతులు పోల్చి 2013లో ప్రచురించిన పని ఒకటుంది. పద్ధతి మారితే అవే నమూనాల్లో జీవుల కూర్పు మారినట్టు కనిపిస్తుందని అది చూపింది.

అడవిలో జరిగే తప్పుని కిట్ సరిచేయదు

ముందు అనుమతులు. అభయారణ్యంలోకి పరిశోధన కోసం వెళ్లాలంటే 1972 వన్యప్రాణి చట్టం 28వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. పెంటికలే కదా అని జేబులో వేసుకొచ్చే వ్యవహారం కాదు. నమూనాలు విదేశాలకు పంపాలంటే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ దారి వేరే ఉంది.

చౌసింగా, మనుబోతు రెండింటికీ ఒకేచోటికి మళ్లీ మళ్లీ వచ్చి పెంటికలు వేసే అలవాటుంది. దొరకడం సులువు, మోసపోవడం కూడా అంతే సులువు. ఒకే కుప్పలో ఈ ఉదయానివి, నిన్నటివి, వారం కిందటివి కలిసి ఉంటాయి. ఒకటికంటే ఎక్కువ జంతువులవీ ఉండొచ్చు. పైన పలుచని జిగురు పొరతో తడిగా మెరుస్తూ, ఒకదానికొకటి ఆనుకుని ఒకే గుత్తిగా పడినవే తీసుకోవాలి. మెరుపు పోయి రంగు వెలిసినవి, పేడపురుగు తొలిచినవి, కింద మట్టి అంటినవి వదిలేయాలి. చౌసింగా పెంటికల్ని చిన్న దుప్పి పెంటికలనుకోవడం మామూలే. కాబట్టి ఏ జంతువుదో మైటోకాండ్రియా జన్యువుతో తేల్చుకోవడానికి డీఎన్‌ఏలో కొంత దాచిపెట్టాలి. అడవిదున్న పేడ విషయంలో మేతకొచ్చిన పశువుల పేడతో ఇదే ఇబ్బంది. పాపికొండల్లాంటి చోట అడవిలోకి ఊరి పశువులు రావన్న భరోసా లేదు.

సైజు వల్ల వచ్చే అసలు గారడీ ఇక్కడుంది. గోలీ అంత పెంటికలో లోపలి భాగం కూడా ఎండకి, గాలికి దగ్గరే. ఏప్రిల్ ఎండలో అది చకచకా ఎండిపోతుంది. అదే ఎండలో అడవిదున్న పేడకుప్ప పైన పెచ్చుకట్టినా లోపల తడిగా, గాలి తగలకుండా ఉంటుంది. గాలి సోకిన భాగంలో పేగులో ఉండని జాతులు, ఆక్సిజన్‌తో బతికేవి, పెరగడం మొదలుపెడతాయి. రెండింటినీ ‘మధ్యాహ్నం సేకరించినవి’ అని ఒకే గడిలో రాస్తే చిన్న జంతువు పేగులో వేరే సూక్ష్మజీవులున్నాయని ఫలితం వస్తుంది. ఆ తేడా తెచ్చింది ఎండ. తెల్లవారుజామున, జంతువు కదిలి వెళ్లిన వెంటనే తీయాలి. పెంటికైతే శుభ్రమైన బ్లేడుతో మిల్లీమీటరు మందాన పైపొర చెక్కేసి, నాలుగైదు పెంటికల లోపలి భాగం కలపాలి. పేడైతే పెచ్చు తీసేసి నడుమ నుంచి తీయాలి. రెండింటికీ వేసినప్పటి నుంచి సుమారు ఎన్ని గంటలయిందో రాసుకోవాలి.

నిల్వ సంగతికొస్తే, 95 శాతం ఇథనాల్ గది వేడిలో 8 వారాల పాటు మలం నమూనాల్ని బాగా నిలిపిందని, 70 శాతం నిలపలేదని 2016లో చేసిన పోలికలో తేలింది. ఈ మాట చాలామందికి తెలుసు. ఇథనాల్‌ని నీళ్లు పలచన చేస్తాయన్న సంగతి మాత్రం గొట్టంలో పోసేటప్పుడు గుర్తుండదు. పేడలో 85 శాతం నీరుంటుందనుకుందాం. ఒక వంతు పేడకి రెండు వంతుల 95 శాతం ఇథనాల్ పోస్తే గొట్టంలో మిగిలేది 67 శాతం. పనికిరాదని తేలిన 70 కంటే కిందకి దిగిపోయాం! నాలుగు వంతులు పోస్తే 78కి చేరుతుంది. అదే నాలుగు వంతులు 55 శాతం నీరున్న పెంటికకి పోస్తే 83 దాటుతుంది. చూశారా, ఒకే పద్ధతి పాటించినా పెద్ద జంతువు నమూనా బలహీనమైన సారాలో, చిన్నదాని నమూనా ఘాటైన సారాలో నానుతున్నాయి. దీనికి మందు సులువే. 15 మిల్లీలీటర్ల గొట్టంలో 2 గ్రాముల నమూనా, 8 మిల్లీలీటర్ల ఇథనాల్. మర్నాడు ఆ ఇథనాల్ వంపేసి మళ్లీ 8 మిల్లీలీటర్లు కొత్తది. అన్ని నమూనాలకీ ఇలాగే. మందుల షాపులో దొరికే స్పిరిట్ ఇందుకు పనికిరాదు. గొట్టం మీద పర్మనెంట్ మార్కర్‌తో రాస్తే కారిన ఇథనాల్ ఆ రాతని తుడిచేస్తుంది. పెన్సిల్‌తో రాసిన చీటీ ఒకటి గొట్టం లోపల వేయండి.

మేత వివరం కూడా అప్పుడే రాసుకోవాలి. ఇప్పపూలు రాలే మార్చి, ఏప్రిల్‌లో చౌసింగా, దుప్పి రెండూ ఆ పూల మీద పడతాయి. చక్కెర నిండిన పూలవి. ఆ నెలలో చౌసింగా పెంటికలు, వానాకాలంలో మనుబోతు పెంటికలు తెచ్చి పోలిస్తే బరువు ప్రభావం కాదు, ఋతువు ప్రభావం కనిపిస్తుంది.

బల్ల మీద

ఇథనాల్‌లో నుంచి తీసిన నమూనాని నేరుగా తూచకూడదు. అది తాగిన సారా బరువు కూడా వచ్చేస్తుంది. కావలసిన ముక్కని 2 మిల్లీలీటర్ల గొట్టంలో వేసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, తేరిన ఇథనాల్ తీసేసి, 37 డిగ్రీల దగ్గర మూత తెరిచి పది నిమిషాలు ఆరనివ్వాలి. తర్వాతే తూకం. సారా మిగిలిపోతే కాలమ్ దగ్గరా, డీఎన్‌ఏని లక్షల కాపీలు చేసే పీసీఆర్ దగ్గరా ఇబ్బంది పెడుతుంది.

ఆ ఒక్క మార్కు పోయింది తూకం దగ్గరే. కరపత్రంలో 250 మిల్లీగ్రాముల వరకూ అని ఉంటుంది. పచ్చి పేడ 250 మిల్లీగ్రాముల్లో ఎండు పదార్థం 40 మిల్లీగ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. అదే పెంటికలో 100 దాటుతుంది. ఇథనాల్‌లో నానబెట్టి ఆరబెట్టాక పెంటిక ముక్క స్పాంజిలా తయారవుతుంది. దాన్ని 250 వేసి 800 మైక్రోలీటర్ల సీడీ1 పోస్తే సగం పీల్చేసుకుంటుంది. పూసలు కదలడానికి చోటుండదు, ముద్దలో కూరుకుపోతాయి. తిప్పాక పైన తేరే ద్రవం 500–600 మైక్రోలీటర్లు రావాలి, 300 కూడా రాదు. చాలామంది ఇక్కడ కిట్‌ని తిట్టుకుంటారు. కరపత్రంలోని ‘వరకూ’ అన్న మాటను ఎవరూ పట్టించుకోరు. పెంటికలకు 100 మిల్లీగ్రాములు సరిపోతుంది. పోలిక న్యాయంగా ఉండాలంటే రెండు జంతువుల నమూనాల్లోనూ కొంత భాగాన్ని విడిగా 105 డిగ్రీల ఓవెన్‌లో ఎండబెట్టి, ఎండు బరువు కట్టి, దాని ప్రకారం సమానంగా వేయాలి. కరపత్రం ఈ మాట చెప్పదు. మనుషుల మలం దృష్టిలో పెట్టుకుని రాసిందది, మనుబోతుని ఊహించలేదు.

మిగతా పని సాఫీగా నడుస్తుంది. పూసల గొట్టాన్ని మొదట ఒకసారి తిప్పి పూసల్ని అడుక్కి దించాలి. నమూనా, 800 మైక్రోలీటర్ల సీడీ1 వేసి కలిపి, వోర్టెక్స్ (గొట్టాల్ని గట్టిగా ఊపే యంత్రం) మీద అడ్డంగా పట్టే అడాప్టర్‌లో బిగించి పూర్తి వేగంతో 10 నిమిషాలు. గొట్టాన్ని నిలువుగా టేపు చుట్టి పెడితే పూసలు అడుగునే గిరగిర తిరుగుతాయి, పని జరగదు. 24 గొట్టాల అడాప్టర్‌లో 12 కంటే ఎక్కువ పెడితే ఇంకో 5–10 నిమిషాలు కలపాలని కరపత్రంలోనే ఉంది. ఆ వాక్యం మీద గీత గీసుకోండి. బరువెక్కిన వోర్టెక్స్ సరిగ్గా ఊగదు. అప్పుడు గోడ మందంగా ఉన్న గ్రామ్ పాజిటివ్ జీవులు పగలవు. నెమరువేసే జంతువుల పేడలో ఎక్కువ వంతు ఉండే ఫర్మిక్యూట్స్ అనే బ్యాక్టీరియా గుంపులో అలాంటివే ఎక్కువ. అవి పగలకపోతే పలచటి గోడలున్న బ్యాక్టిరాయిడీట్స్ గుంపు పెరిగినట్టు కనిపిస్తుంది. ఒక రోజు 24 మనుబోతు నమూనాలు, ఇంకో రోజు 6 చౌసింగా నమూనాలు చేశారనుకోండి, రెండు జాతుల మధ్య అందమైన తేడా వస్తుంది. అది వోర్టెక్స్ తేడా. ప్రతి బ్యాచ్‌లోనూ చిన్నవీ పెద్దవీ చీట్లు తీసినట్టు కలిపి పెట్టాలి. ఖాళీ నమూనా ప్రతి బ్యాచ్‌లోనూ ఒకటి ఉండాలి.

తర్వాత 15,000 జీ దగ్గర ఒక నిమిషం. ఇది నిమిషానికి ఎన్ని చుట్లో చెప్పే ఆర్‌పీఎం కాదు, భూమ్యాకర్షణకి ఎన్ని రెట్లో చెప్పే లెక్క. 13,000 ఆర్‌పీఎం తిరిగే సెంట్రిఫ్యూజ్‌లో రోటర్ వ్యాసార్ధం 8.4 సెంటీమీటర్లైతే సుమారు 15,900 జీ వస్తుంది, 6 సెంటీమీటర్లైతే 11,300 దగ్గరే ఆగిపోతుంది. పీచు ఎక్కువున్న పేడ ఆ తక్కువ వేగంలో గట్టిగా కూర్చోదు, పిపెట్ ముక్కులో పీచు ఇరుక్కుంటుంది. చిన్న యంత్రమైతే సమయం పెంచండి. పైద్రవం 500–600 మైక్రోలీటర్లు కొత్త గొట్టంలోకి తీసి, 200 మైక్రోలీటర్ల సీడీ2 వేసి 5 సెకన్లు వోర్టెక్స్ చేసి, మళ్లీ ఒక నిమిషం తిప్పాలి.

ఈ సీడీ2 అడుగు దగ్గరే కిట్ తన ధరకి న్యాయం చేస్తుంది. ఉసిరికాయలు, ఆకులు, బెరడు తినే జంతువు పెంటికల్లో టానిన్లు, ఇతర పాలిఫెనాల్స్ దండిగా ఉంటాయి. అవి డీఎన్‌ఏతో పాటు వచ్చేసి పీసీఆర్ ఎంజైమ్‌ని కట్టేస్తాయి. సీడీ2 వాటిని అడుక్కి దించేస్తుంది. తిప్పాక అడుగున ముద్ద కనిపిస్తుంది, దాని జోలికి పోకుండా పైది 700 మైక్రోలీటర్లకు మించకుండా తీసుకోవాలి. ఇంకో పది మైక్రోలీటర్లు వస్తాయి కదా అని ఆశపడి ముద్దని కదిపితే ఇప్పటిదాకా చేసింది వృథా. అక్కడినుంచి 600 మైక్రోలీటర్ల సీడీ3 కలిపి, 650 చొప్పున రెండుసార్లు కాలమ్‌లో పోసి తిప్పాలి. తర్వాత ఈఏ 500, సీ5 500. ఆ తర్వాత కొత్త సేకరణ గొట్టంలో 16,000 జీ దగ్గర 2 నిమిషాలు ఖాళీగా తిప్పాలి. ఈ ఖాళీ తిప్పుడు ఎగ్గొడితే సీ5లోని సారా డీఎన్‌ఏలో ఉండిపోతుంది. చివరగా సీ6ని కాలమ్ పొర నడిమధ్యన 50–100 మైక్రోలీటర్లు పోసి తీసేయాలి.

చేతికొచ్చిన ద్రావణం నీళ్లలా ఉండాలి. పలచటి టీ రంగు కనిపిస్తే నిరోధకాలు మిగిలాయని అర్థం. ఆకు మేసే జంతువుల నమూనాల్లో ఇది కనిపిస్తే వింతేమీ లేదు. కాంతిని ఎంత పీల్చుకుందో చూసి డీఎన్‌ఏని కొలిచే నానోడ్రాప్‌లో, శుద్ధతని చూపే 260/230 నిష్పత్తి పడిపోతే రెండు కారణాలుండొచ్చు: ఆ రంగు పదార్థమైనా, సీడీ3లోని గ్వానిడిన్ ఉప్పైనా. రంగు లేకుండా నిష్పత్తి మాత్రమే తక్కువైతే ఉప్పే, అది చాలావరకు పీసీఆర్‌ని ఆపదు. రంగుంటే పదిరెట్లు పలచన చేసి ఒకసారి, నిరోధకాల్ని పట్టుకునే బీఎస్‌ఏ ప్రోటీన్ కలిపి ఇంకోసారి పీసీఆర్ చేసి చూడాలి. అప్పటికీ రాకపోతే సగం బరువుతో మళ్లీ తీయడమే మేలు. డీఎన్‌ఏ పరిమాణానికి నానోడ్రాప్ అంకెను నమ్మకండి, డీఎన్‌ఏకి అంటుకుని వెలిగే పదార్థంతో కొలిచే క్యూబిట్ వాడండి. పేడలో మొక్కల డీఎన్‌ఏ ఎంత ఉందో, జంతువుది ఎంత ఉందో, సూక్ష్మజీవులది ఎంత ఉందో క్యూబిట్ కూడా చెప్పదు, కనీసం రంగుని చూసి మోసపోదు.

ఆ మొక్కల డీఎన్‌ఏ ఇబ్బందీ పెడుతుంది, ఉపకారమూ చేస్తుంది. బ్యాక్టీరియాని గుర్తుపట్టే 16ఎస్ జన్యువులోని వీ4 భాగానికి వాడే 515ఎఫ్–806ఆర్ ప్రైమర్లు (పీసీఆర్‌ని మొదలుపెట్టే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) మొక్కల క్లోరోప్లాస్ట్ డీఎన్‌ఏని కూడా పట్టుకుంటాయి. పేడలో అది మామూలే, విశ్లేషణలో క్లోరోప్లాస్ట్, మైటోకాండ్రియా వరసల్ని తీసేయాలి. తీసేశాక మిగిలిన సూక్ష్మజీవుల వరసల సంఖ్య రెండు జాతులకీ సమానంగా ఉందో లేదో చూసుకోవాలి. ఉపకారమేమిటంటే, అదే గొట్టంలోని డీఎన్‌ఏతో మొక్కల్ని గుర్తుపట్టే టీఆర్ఎన్ఎల్ జన్యువులోని పీ6 భాగాన్ని పెంచితే ఆ జంతువు ఏం తిన్నదో మొక్కల కుటుంబం స్థాయిలో బయటపడుతుంది. గడ్డి జాతుల్ని విడదీయడంలో అది బలహీనం, చెట్లూ పొదలూ బాగా చూపిస్తుంది. ‘ఆకు మేసేది’, ‘గడ్డి మేసేది’ అని పుస్తకం చూసి ముద్ర వేసే బదులు, ఆ రోజు ఆ పెంటిక వేసిన జంతువు మేతనే అంకెగా పెట్టుకోవచ్చు. ఈ ఒక్క కారణానికే కిట్‌కి ఇంకో అరమార్కు ఇవ్వాలనిపిస్తుంది.

దీనికి బదులు ఏముంది

డబ్బు తక్కువ, చేతులు ఎక్కువ ఉన్న ల్యాబ్‌కి 2004లో యూ, మారిసన్ ఇచ్చిన ఆర్‌బీబీ ప్లస్ సీ పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది. 500 మిల్లీమోలార్ ఉప్పు, 50 మిల్లీమోలార్ ట్రిస్, 50 మిల్లీమోలార్ ఈడీటీఏ, 4 శాతం ఎస్‌డీఎస్ ఉన్న ద్రావణంలో పూసలతో కొట్టి, 70 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ఉంచి, పైది తీసి, మిగిలిన ముద్దని మళ్లీ కొట్టడం దీని కిటుకు. రెండుసార్లు కొడతారు కాబట్టి గట్టి గోడల జీవులు బాగా పగులుతాయి. రూమెన్ మీద పనిచేసేవాళ్లలో దీనికి మంచి పేరుంది. కానీ అమ్మోనియం ఎసిటేట్, ఐసోప్రొపనాల్ మెట్లు దాటి చివర కాలమ్ దాకా రావడానికి ఒక రోజు పోతుంది, మనిషి మారితే ఫలితం కూడా కాస్త మారుతుంది. పవర్‌ఫీకల్ ప్రోతో 24 నమూనాలు ఒక పూటలో అయిపోతాయి. ఎవరు చేసినా దగ్గరదగ్గరగా వస్తుంది. చాలామంది విద్యార్థులు చేతులు మార్చుకునే ప్రాజెక్టుకి నా ఓటు దీనికే.

తెలిసిన సూక్ష్మజీవుల మిశ్రమం ఒకటి కొని పెట్టుకోవాలి. జైమో కంపెనీ మిశ్రమంలో 8 బ్యాక్టీరియా, 2 ఈస్టులు ఉంటాయి, వాటిలో 5 గ్రామ్ పాజిటివ్, 3 గ్రామ్ నెగటివ్. ఒక్కో బ్యాచ్‌లో 75 మైక్రోలీటర్లు వేసి చూస్తే మీ వోర్టెక్స్ గట్టి గోడల్ని పగలగొడుతోందో లేదో తెలిసిపోతుంది. అది కూడా వద్దనుకునేవాళ్లు పోలికల జోలికి వెళ్లకపోవడం మంచిది.

మూషిక జింక మీద పని చేద్దామనుకునేవాళ్లకు ఒక మాట. హైదరాబాద్ నెహ్రూ జూలాజికల్ పార్కులో, అంతరించిపోతున్న జాతుల మీద పనిచేసే సీసీఎంబీ ప్రయోగశాల లాకోన్స్ సాయంతో పెంచి, 2017లో అమ్రాబాద్ అడవిలో వదిలినవి ఈ జంతువులే. రెండు నుంచి నాలుగు కిలోల ప్రాణి, రాలిన పళ్లు ఏరుకుని తింటుంది. నెమరువేసేదే అయినా మూడో పొట్ట సరిగ్గా ఏర్పడి ఉండదు. బరువు మెట్టులో అట్టడుగున అది కావాలని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ దాని పెంటికలు మరీ చిన్నవి, పైపొర చెక్కేస్తే మిగిలేదే తక్కువ. అక్కడ ఈ కిట్‌లో 30–50 మిల్లీగ్రాములు వేయాల్సి రావచ్చు. ఆ పరిమాణంలో కిట్ ద్రావణాల్లో సహజంగా ఉండే కొద్దిపాటి బ్యాక్టీరియా డీఎన్‌ఏ కూడా లెక్కలోకి వస్తుంది, కాబట్టి ఖాళీ నమూనాలు ఒకటి కాదు, మూడు ఉండాలి. పైగా జూ పెంటికల్ని అడవి పెంటికలతో కలిపితే పంజరం మేత కూడా ఆ లెక్కలో దూరుతుంది.

చెత్త పారేసేటప్పుడు కాలమ్ కింద పడిన ద్రవం మీద బ్లీచింగ్ పౌడర్ నీళ్లు పోయకండి. సీడీ3లోని గ్వానిడిన్ ఉప్పు, బ్లీచ్ కలిస్తే విషవాయువు వస్తుంది. విడి సీసాలో పట్టి రసాయన చెత్తలోకి పంపాలి. సీ6లో ఈడీటీఏ ఉండదు కాబట్టి తీసిన డీఎన్‌ఏని ఫ్రిజ్‌లో నెలలు వదిలేస్తే పాడవుతుంది. తీసిన రోజే మూడు గొట్టాల్లోకి పంచండి: 16ఎస్‌కి ఒకటి, మేత తేల్చే టీఆర్ఎన్ఎల్‌కి ఒకటి, ఆ పెంటిక నిజంగా చౌసింగాదో చిన్న దుప్పిదో తేల్చడానికి ఒకటి. మైనస్ 20లో పెట్టి, గొట్టం మూత మీద ఈసారి మార్కర్‌తోనే రాయొచ్చు, ఇందులో ఇథనాల్ లేదు.